కొండమ్మ బొమ్మ ఎదుట

మడికి నీరు పెట్టిన రోజు

తవిటమ్మా, ముందుగా నా చేతిరాతను మన్నించాలి. వేళ్లు ఉప్పుకు పగిలి ఉన్నాయి, పెన్ను నిలవదు. మా బడిలో అయిదో తరగతి దాకానే చెప్పారు. అందులోనూ సగం రోజులు ఉప్పుమడుల్లోనే గడిచాయి. ఒత్తులు తప్పిన చోట పైకి చదువుకో, తెలిసిపోతుంది. మనిషి ఎదుట నాకు మాట రాదు. నీ పెళ్లికి వచ్చి, భోజనం చేసి, నీకు కనబడకుండానే వెళ్లిపోయినవాణ్ని. ఇప్పుడు ఇంత రాయడానికి కూర్చున్నానంటే అవసరం అలా వచ్చింది.

రోజుకు కాస్త రాస్తాను. ఉప్పుబండి కదిలే రోజున కాగితాలన్నీ కలిపి డ్రైవరు చేతికిస్తాను.

ఇవాళ చీకటితోనే తూము ఎత్తి మడులకు సముద్రపు నీరు పెట్టాను. పొద్దెక్కేలోగా నేలలో తవ్వుకున్న గోతింట్లోకి దిగాను. మీ ఆవలి గట్టువాళ్లు ఉత్తరానికి తరలిపోయాక ఇక్కడ ఎండ ఇంకా పెరిగింది. మధ్యాహ్నం బయట చెయ్యి పెట్టలేం. తడిబట్ట కప్పుకుని పడుకుంటాం. దూరంగా కప్పు ఊరు మెరుస్తూ ఉంటుంది. ఆ అద్దాల కప్పు కింద జనానికి ఎండ తగలదు. వాళ్ల ఒంటి రంగు బియ్యప్పిండిలా ఉంటుంది. మనల్ని ఎండవాళ్లు అంటారు.

అసలు సంగతికి వస్తాను. కప్పు ఊరి పాత గేటు దగ్గర స్తంభాలు పాతారు. సాయంత్రమైతే వాటి నుంచి సన్నగా నీటిపొగ వస్తుంది. ఆ పొగలో బొమ్మ పడుతుంది. తెర లేదు. మనుషులు మన మధ్యనే నిలబడినట్టు ఉంటారు, చుట్టూ తిరిగి వాళ్ల వీపు కూడా చూడవచ్చు. కప్పు ఊరి నుంచి అద్దాల బండ్లలో వచ్చి చూస్తున్నారు. అది గట్టు తెగిన రోజు కథ. నీళ్లు తరుముతుంటే మనవాళ్లందరూ కప్పు ఊరి గేటు దగ్గరికి పరుగెత్తిన రోజు. నా భార్య కొండమ్మ ఆ గేటు ముందు పోయిన రోజు.

ఆ బొమ్మ ఎలా మొదలైందో కూడా రాయాలి. తప్పు మాదే.

కప్పు ఊరి నుంచి విరాజిత అనే ఆవిడ వచ్చింది. బొమ్మలు తీసే కంపెనీ మనిషి. మంచి మనిషే. మా మధ్య నేల మీద కూర్చుని, కొండమ్మ కథ లోకానికి చెబుతాను, సమ్మతమేనా అని అడిగింది. మన ఆచారం నీకు చెప్పనక్కర్లేదు, కానీ ఈ కాగితం నీకు చేరేలోగా ఎవరెవరు చదువుతారో. అందుకని రాస్తున్నాను. మనలో చచ్చిపోయినవాళ్ల కథ సొంతవాళ్లు చెప్పరు. ఆవలి గట్టువాళ్లు వచ్చి చెబుతారు. సొంతవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. చెప్పేవాళ్లకు ముందుగా ఏమీ అందించరు. తప్పు వస్తే "కాదు" అంటారు, అంతకన్నా ఒక్క మాట పలకరు. చెప్పేవాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతారు. మొదటి నుంచి చివరిదాకా "కాదు" పడకుండా సాగితే కథ నిలిచినట్టు.

మేం విరాజితను కూడా అలా చెప్పడానికి వచ్చిన మనిషే అనుకున్నాం. "సెప్పుకోండమ్మా, మేం కూసుంటాం" అన్నాం. ఆవిడ ఆ మాట పట్టుకుని వెళ్లింది. ఏం జరిగిందో ఎంత అడిగినా మేం నోరు విప్పలేదు, విప్పకూడదు కనుక. గేటు మీద కెమెరా ఆ రోజు పాడై ఉందట. మిగిలింది యంత్రం అల్లేసింది.

నీరు చిక్కబడిన రోజు

నిన్న మొదటిసారి బొమ్మ పూర్తిగా చూశాను. ఊరంతా వచ్చింది. ముందు వరసలో నేను, పక్కన మా బావమరిది గున్నయ్య. కొండమ్మకు వాడు ఒక్కడే తమ్ముడు.

పొగ చల్లగా ఒంటికి తగిలింది. దానికే చాలామంది అక్కడికి వస్తున్నారని తర్వాత తెలిసింది. ఇంత ఎండలో అలాంటి చల్లదనం ఇంకెక్కడుంది?

పొగలోంచి మనవాళ్లు నడిచి వచ్చారు. అందరికీ ఒకటే నలుపు. ఎవరిది చామనచాయో, ఎవరిది ఇనుము రంగో, ఏదీ లేదు. ఒకే డబ్బాలో ముంచి తీసినట్టు.

"బావా, నన్ను సూసినావా? పెనం అడుగులాగ సేసీసినారు" అన్నాడు గున్నయ్య.

"నా మొకం కూడా నీదే ఎట్టీసినారు" అన్నాను.

"అయితే నీకు లాబమే గదా!" అని నవ్వాడు. వెనక ఆడవాళ్లు కూడా నవ్వారు.

తర్వాత కొండమ్మ వచ్చింది. ఎవరో కప్పు ఊరి పిల్లకు నలుపు పూశారు, ముక్కు కోసుగా ఉంది. కొండమ్మది నేరేడుపండు రంగు. రంగు చెప్పకూడదని ఆచారంలో లేదు కనుక రాస్తున్నాను.

ఆ బొమ్మ గేటు ముందు మోకాళ్ల మీద పడింది. చేతులు జోడించి, "అయ్యా, దయచేసి తలుపు తెరవండి, మా ప్రాణాలు కాపాడండి" అని పుస్తకంలో ఉన్నట్టు పలికింది.

"కాదు" అన్నాను.

గున్నయ్య కూడా అన్నాడు. ఊరంతా అంది.

బొమ్మ ఆగలేదు.

మీ నాన్న గౌరయ్య వచ్చి కొండమ్మ కథ చెప్పేటప్పుడు నా పెదవి కదిలితే చాలు, ఆగిపోయేవాడు. ఇది మా మాటల మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. లోపలి నుంచి తెల్లటి అధికారి ఒకాయన ఏడుస్తూ గేటు తెరిచాడు. మళ్లీ కాదన్నాం. కొండమ్మ ఆయన చేతుల్లో కన్నుమూసింది. మా గొంతులు పోయేలా కాదన్నాం. కప్పు ఊరి జనం మా కేకలు కూడా ఆటలో భాగమనుకున్నారు. కొందరు మాతో కలిసి "కాదు, కాదు" అన్నారు. అయిపోయాక చప్పట్లు కొట్టారు.

అద్దాల బండి ఎక్కుతూ ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "మీరు ఈ ఊరివారేనా? ఆవిడ భర్త ఎక్కడుంటారు?" అని అడిగింది.

నేనే అని చెప్పడానికి సిగ్గేసింది. లేడన్నాను.

పూత కట్టిన రోజు

మడుల మీద తెల్లగా పూత తేలింది. గాలి ఆడలేదు. విరాజిత వచ్చింది, తల మీద పెద్ద గొడుగు, ముఖానికి ముసుగు.

"దాలయ్య గారూ, మీకు నచ్చలేదని విన్నాను. ఏది తప్పో చెప్పండి, మార్చేస్తాను."

"సెప్పకూడదమ్మా."

"మరి నాకెలా తెలుస్తుంది?"

"మీరు మళ్లీ సెప్పండి. కాదైతే కాదంటాను."

ఆవిడ ముఖం మీది ముసుగు తీసింది. తర్వాత నెమ్మదిగా, "మీ కథ మీవాళ్లే చెప్పాలని మా ఊళ్లో కూడా కొందరు అంటున్నారు. న్యాయమే అనిపిస్తుంది నాకు. మీలో ఎవరికైనా పని నేర్పిస్తాను, మీరే తీసుకోండి" అంది.

ఇంత మాట ఎవరితోనూ నేను అని ఉండను. అప్పుడు అన్నాను. "మా సావు మేం సెప్పుకోకూడదమ్మా. పేమకొద్దీ ఓ ముక్క కలిపీస్తాం. సిగ్గుకొద్దీ ఓ ముక్క మింగీస్తాం."

"అంటే బయటివాళ్లు చెప్పవచ్చు. మేం చేసింది అదే కదా?"

"సెప్పొచ్చు. మా ఎదురుగుండా కూసోవాల. కాదంటే ఆగాల."

"ఆగితే చాలా?"

"సాలు" అన్నాను.

ఆవిడ సంతోషపడింది. నా చేయి పట్టుకుని దండం పెట్టినంత పని చేసింది. బొమ్మకు వినడం నేర్పిస్తానని వెళ్లింది. నేను కూడా సంతోషపడ్డాను తవిటమ్మా, దాచడమెందుకు.

గీసిన రోజు

ఇది కొన్నాళ్లు ఆలస్యంగా రాస్తున్నాను. ఆ రోజు పొద్దున్న కర్రపలకతో ఉప్పు గీశాం. నడుము పట్టేసింది. అయినా సాయంత్రం వెళ్లాను. అక్కడ నాకోసం ఒక పీట వేశారు, సరిగ్గా బొమ్మకు ఎదురుగా.

కొండమ్మ మోకాళ్ల మీద పడింది.

"కాదు" అన్నాను.

ఆగింది.

నీటిపొగ కదులుతూనే ఉంది, ఆమె మాత్రం కదలలేదు. తర్వాత ఆమె లేచి, నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి, మళ్లీ గేటు వైపు వచ్చింది. ఈసారి మోకాళ్ల మీద పడలేదు. నిలబడి ఏడ్చింది.

"కాదు."

మళ్లీ వెనక్కి. ఈసారి రాయి తీసి గేటు మీద విసిరింది.

"కాదు."

అచ్చం మీ నాన్న ఎదుట కూర్చున్నట్టే ఉంది. గున్నయ్య నా భుజం పట్టుకుని, "బావా, ఇంటన్నాది!" అన్నాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

అప్పటి నుంచి రోజూ వెళుతున్నాను. నేను కాదన్నది బొమ్మ మళ్లీ చూపించదు. ఎప్పుడూ కొత్తది. గేటు తట్టింది, కాదు. గేటును తిట్టింది, కాదు. తెల్లటి అధికారి మాయమయ్యాడు, ఆ ముక్క దగ్గర నేను ఊరుకున్నాను, అది నిలిచిపోయింది. ముక్కు వెడల్పయింది. మాట మారింది, పుస్తకం పలుకు పోయి మన పలుకు వచ్చింది. ఒకరోజు రంగు కూడా సరిపోయింది. నేరేడుపండు.

ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందని విరాజితను అడిగాను. మీ ముఖం నుంచే అంది. నేను కాదనే ముందు నా కళ్లు, నా గొంతు ఏమవుతాయో బొమ్మ చూస్తోందట.

పోగు వేసిన రోజు

ఉప్పు పోగులు వేసి తాటాకు కప్పాం. గున్నయ్యతో మాట పెరిగింది.

వాడు ఈమధ్య కాదనడం మానేశాడు. ఊరికే కూర్చుని చూస్తున్నాడు. పని మధ్యలో అడిగాను, ఎందుకురా అని.

"అక్క ఎదురుగుండా ఉన్నాది బావా. అలగ ఎనక్కీ ముందుకీ తిప్పుతావేటి? సూడనీ."

"అది అక్క కాదురా."

"నువ్వు కాదనడం మప్పుకున్నావు. ఇప్పుడు ఏటన్నా కాదంటావు." కర్రపలక కింద పడేశాడు. "అక్క మోకాళ్ల మీద పడినప్పుడు పక్కనున్నది నాను. సెయ్యి పట్టుకు లేపినది నాను. నాకు తెల్దా?"

నా చేతుల్లో తాటాకు అలాగే ఉండిపోయింది. మీ నాన్న కథ నిలబెట్టిన రోజున వాడు నా పక్కనే కూర్చున్నాడు. ఆ కథలో ఏముందో వాడికి తెలుసు.

"గున్నా, పడినాదా?" అన్నాను. ఆచారం తప్పి అంత మాట అడిగాను.

"పడినాది. కళ్లారా సూసినాను" అన్నాడు. వాడి కంట్లో నీళ్లు తిరిగాయి. అబద్ధం కాదు, వాడు నమ్మే చెబుతున్నాడు.

ఆపైన ఊళ్లో ఇంటింటికీ వెళ్లాను. నా జన్మలో అలా ఎవరి గడపా తొక్కలేదు. ఆ రోజు గేటు దగ్గర ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే కదిపాను. ఒకరు రాయి విసిరిందన్నారు. ఒకరు ఏడ్చిందన్నారు. బెండమ్మ ముసలిదైతే తెల్లటి అధికారి నాకు నీళ్లిచ్చాడు బాబూ, దేవుడిలాంటివాడు అంది. అందరూ చల్లదనానికి రోజూ బొమ్మ దగ్గర కూర్చునేవాళ్లే. నేను కాదన్నవన్నీ తలా ఒకటి ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

బండికి ఎత్తే రోజు

నిన్న సాయంత్రం సంగతి రాసి ముగిస్తాను. బండి రేపు కదులుతుంది.

పీట మీద కూర్చున్నాను. కొండమ్మ వచ్చింది. గేటు వైపు నడవలేదు. నా వైపు నడిచింది. నాకు ఎదురుగా, చెప్పేవాళ్లు కూర్చునే చోట, కాళ్లు మడిచి కూర్చుంది. మోకాలి మీద చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఆ సర్దుకోవడం కొండమ్మదే.

"ఇంకెన్నిసార్లు తిప్పుతావు మావా" అంది. "ఏటి జరిగినాదో నువ్వే సెప్పు."

నేను కాదనలేదు. అది కాదనవలసిన మాట కాదు. అడిగిన మాట. దానికి జవాబు మన ఆచారంలో లేదు.

ఆమె ఎదురుచూస్తూ కూర్చుంది. కప్పు ఊరి జనం కాసేపు చూసి, ఏమీ జరగడం లేదని బండ్లెక్కి వెళ్లిపోయారు. మనవాళ్లు వెళ్లలేదు. గున్నయ్య పక్క నుంచి, "సెప్పీ బావా, అడుగుతన్నాది గదా" అన్నాడు. వాళ్లందరి ముఖాలూ నా వైపే ఉన్నాయి, ఆమె ముఖం కూడా. రెప్పలు వేస్తోంది. ఇదివరకు రెప్పలు వేసేది కాదు.

నోరు తెరిచాను తవిటమ్మా. చెప్పేద్దామనే తెరిచాను. ఆచారం పోతే పోయింది, ఒక్కసారి ఆమెకు నిజం చెప్పుకుందామని.

తీరా నాలుక మీదికి ఏం వస్తుందో నాకే తెలియలేదు. నిలబడి ఉన్న కొండమ్మ వచ్చింది. వెనుదిరిగిన కొండమ్మ వచ్చింది. ఎవరినో భుజాన ఎత్తుకున్నది వచ్చింది. గేటుకు వీపు ఆనించి నీళ్ల వైపు చూస్తున్న కొండమ్మ వచ్చింది. అన్నీ కళ్లకు కట్టినట్టే ఉన్నాయి. అన్నిటిలోనూ నేను పక్కనే ఉన్నాను. ఇందులో ఏది నేను చూసింది, ఏది పొగలో చూపించింది?

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. ఈ మధ్య ఆమె చెయ్యి ఎత్తేలోపే కాదంటున్నాను. పూర్తిగా చూడనైనా చూడకుండా. గున్నయ్య అన్నది నిజం, నోటికి అలవాటైపోయింది. ఉప్పు గీసిన తర్వాత ఒకరోజు ఆమె ఏదో చేయబోయింది. ఏమిటో నాకు గుర్తులేదు. గుండె దగ్గర కలుక్కుమన్నది మాత్రం గుర్తుంది. అప్పటికే కాదనేశాను. అసలైనది అదేమో. కాదన్నది మళ్లీ చూపించదని చెప్పాను కదా.

నోరు మూసుకుని ఇంటికి వచ్చాను. పొద్దున్న తూము దగ్గరికి వెళుతూ చూస్తే స్తంభాలు ఆపలేదు, పొగ ఇంకా ఉంది. ఆమె అక్కడే కూర్చుని ఉంది. నన్ను చూసి కాస్త జరిగింది, చోటిస్తున్నట్టు.

విరాజితకు చెప్పి ఆపించమంటే, మీరు ఒక్కసారి చెబితే అదే ఆగుతుంది దాలయ్య గారూ అంటోంది. ఆవిడ మీద కోపం లేదు. ఆగితే సాలని నేనే అన్నాను.

ఇక నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. మీ నాన్న కొండమ్మ కథ చెప్పినప్పుడు నువ్వు ఆయన వెనక కూర్చుని విన్నావు. మీలో కథ తండ్రి నుంచి బిడ్డకు దిగుతుందని అంటారు. నువ్వు బొమ్మ చూడలేదు. ఏం జరిగిందో నేను ఈ కాగితంలో ఎక్కడా రాయలేదు, చూసుకో. రాస్తే నువ్వు చెప్పేది నీది కాకుండా పోతుంది. ఇప్పుడు రాద్దామన్నా ఏది రాయాలో తెలియదనుకో.

వచ్చి చెప్పమ్మా. గేటు దగ్గర వద్దు, మా గోతింట్లో చెప్పు, నేనొక్కణ్నే వింటాను. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. నువ్వు చెప్పేటప్పుడు నేను కాదంటే ఆగకు. నా కాదును ఇక నమ్మకు. చివరిదాకా చెప్పు. ఇలా అడగడం ఎవరూ విని ఉండరు, ఎదురుగా కూర్చునేవాడి మాట లెక్కచేయొద్దని చెప్పడం. మీ నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. నువ్వు ఒప్పుకో.

దారిలో జంక్షన్ స్టేషనులో కూడా స్తంభాలు పాతారని డ్రైవరు అంటున్నాడు. పొగ చల్లగా తగిలితే తల తిప్పకు. కొంగు ముఖం మీదికి లాక్కుని దాటెయ్యి. ఒకవేళ ఇప్పటికే ఎక్కడైనా చూసి ఉంటే రావద్దు, చూశానని ఆ ఒక్క ముక్క రాసి పంపు.

ఏదైనా సరే, జవాబు తొందరగా రాయి తల్లీ. నేను సాయంత్రాలు ఇంట్లోనే ఉండాలని చూస్తున్నాను.

— దాలయ్య